ఆయాసం ఎక్కువున్నవాళ్లదే టర్న్

సోమవారం పొద్దున్నే మాస్టారి నంబరు నుంచి మా డయాలసిస్ గ్రూపులోకి వాయిస్ మెసేజ్ వచ్చింది. వినకుండానే ఇద్దరు ముగ్గురు "గుడ్ మార్నింగ్ మాస్టారూ" అంటూ దండాల బొమ్మలు పెట్టేశారు. తీరా వింటే గొంతు వాళ్లమ్మాయిది. "నాన్నగారు ఇక లేరండీ" అంటోంది.

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఆయనకూ అదే జబ్బు. అవనిగడ్డ వైపు నుంచి బందరు వెళ్లి డయాలసిస్ చేయించుకునేవాళ్లందరినీ వాట్సాప్ గ్రూపులోకి లాగింది మాస్టారే. ఎవరి టర్న్ ఏ రోజో, ఘంటసాల వాళ్లను ఏ ఆటో ఎక్కించుకోవాలో, మిషన్ రిపేరుకొస్తే ఎవరు ఎవరితో మార్చుకోవాలో అన్నీ అందులోనే తేల్చేవారు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, టర్న్ తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరాడదు. అందుకే ఆయన తెల్లారగానే "కాళ్లు నొక్కి చూసుకున్నారా?" అని అడిగేవారు. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే సొట్ట పడిందో లేదో అందరం చెప్పాలి. ఒకసారి ఎవరో కొత్తావకాయ ఫొటో పెడితే "ఆ జాడీకి మూత పెట్టమ్మా, చూస్తేనే నాకు దాహమేస్తోంది" అని కసిరారు. ఉప్పు తింటే దాహం, డయాలసిస్ వాళ్లకేమో తాగే నీళ్లకూ కొలతే. పడీ పడీ నవ్వాం. ఆయన కాళ్ల సంగతి మాత్రం ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడిగే మనిషి ఆయనే కదా.

"టర్న్ నాదీ నీదీ అని ఉండదు. ఆయాసం ఎవరికి ఎక్కువుంటే వాళ్లదే" అనేవారు. గ్రూపులో అదే చట్టం.

అంతకు ముందు శనివారం మిషన్ ఒకటి ఆగిపోయి మా ఆయన టర్న్ పోయింది. పడుకుంటే ఊపిరాడక మంచం మీద కూర్చునే ఉన్నారు. మాస్టారు ఫోన్ చేశారు.

"బావా, ఇవాళ సాయంత్రం నా టర్న్‌లో నువ్వెళ్లు. రేపు ఆదివారం, సెంటర్ తియ్యరు. నేను సోమవారం చేయించుకుంటాలే."

నేను ఫోన్ లాక్కుని "మరి మీకెలా అన్నయ్యగారూ?" అన్నాను.

"నాకేం చెల్లెమ్మా, గుండ్రాయిలా ఉన్నా" అన్నారు. ఆ ముక్క చెప్పడానికే మధ్యలో రెండుసార్లు ఆగారు.

మా ఆయన గండం గట్టెక్కారు. మాస్టారు సోమవారం దాకా ఆగలేకపోయారు. తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది. అంత మంచితనం ఎందుకు మాస్టారూ అని కోపమూ వస్తుంది. ఆ రెంటికన్నా భయం ఎక్కువగా ఉంది. ఆయన పోయినా ఆయన పెట్టిన చట్టం గ్రూపులో అలాగే ఉంది.

ఇవాళ మా ఆయన టర్న్. పొద్దుటి నుంచి ఆయనకు ఆయాసంగానే ఉంది. బయల్దేరబోతుంటే గ్రూపులో ఘంటసాల నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టింది. "మా అబ్బాయికి అస్సలు ఊపిరాడట్లేదండీ. ఎవరైనా టర్న్ ఇస్తారా?"

ఎంతసేపటికీ ఎవరూ పలకలేదు.

"ఏవండీ, ఆటో వచ్చింది, పదండి" అన్నాను.

మా ఆయన కదల్లేదు. కళ్లజోడు పెట్టుకుని, ఫోన్‌లో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ నొక్కుతున్నారు.