చెంపలు దింపిన చాకు

ఇవాళ పొద్దున మా వీధిలోకి సైకిలు సానవాడు వచ్చాడు. సైకిలుకు స్టాండు వేసి తొక్కుతుంటే హ్యాండిలు దగ్గర బిగించిన చిన్న సానరాయి గిర్రున తిరుగుతోంది. ఎదురింటావిడ కూరగాయల కత్తిని దానికి ఆనించగానే రవ్వలు లేచాయి. ఇనుము కాలిన వాసన నా గది కిటికీ దాకా వచ్చింది. ఆగలేక బయటికి వెళ్ళి, "నిదానంగా తొక్కు నాయనా, నీళ్ళు పోస్తుండు, వేడికి ఉక్కు చచ్చిపోతుంది" అన్నాను. అతను నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీకేమన్నా నూరాల్నా పెద్దాయనా, ఊరికే చెప్తుండారా" అన్నాడు. ఊరికే చెబుతున్నాను. నాకు ఈ సంగతి చెప్పినాయన పేరు పెంచలయ్య. ఆయన్ను ఎరగని వాళ్ళకు ఆయన గురించి చెప్పాలంటే నా గొప్పలు కొంచెం, నా తెలివితక్కువతనం చాలా చెప్పుకోవాలి.

మాది కావలి బజారులో కొట్టు. తాత, నాన్న, పెదనాన్నలు అందరూ తక్కెడ పక్కన పెరిగినవాళ్ళే. మా ఇంట్లో పిల్లలకు అమ్మా అనడం కంటే ముందు "చివరి మాట చెప్పు" అనడం వస్తుందని ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. సముద్రం ఒడ్డున జాలర్లుండే పట్టపుపాళేనికి కావలసిన తాళ్ళు, గాలాలు, లాంతర్లు మా కొట్టు నుంచే వెళ్ళేవి. అరవైల మొదట్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నాన్న మొదటిసారి నన్ను ఒక్కణ్ణే సరుకు కొనడానికి మద్రాసు పంపించారు. అక్కడ మడతచాకులు చూశాను. కొమ్ము పిడి, ఇత్తడి మేకులు, తెరిస్తే టక్కుమనే చప్పుడు. అప్పుడప్పుడే పాళెంలో నూలు వలల మధ్య నైలాను వలలు కనిపిస్తున్నాయి. మడిచి మొలలో దోపుకుంటే తెప్ప మీద గుచ్చుకోదు, బాగా అమ్ముడుపోతుంది అనుకున్నాను. కొట్టతను చెప్పిన ధరను సగానికి దించి రెండు డజన్లు తీసుకున్నాను. మూడుసార్లు మెట్లు దిగి వెళ్ళిపోయాను, మూడుసార్లూ వెనక్కి పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు అతని మొహంలో ఉన్న సంతోషాన్ని గమనించి ఉండాల్సింది.

పది రోజులు తిరక్కుండానే చాకులు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. ముందు వచ్చినవాడు పోలయ్య. పాళెంలో నలుగురూ అతని మాట వినేవాళ్ళు. మా బల్ల మీద నైలాను దారం పరిచి చాకుతో ఒక లాగు లాగాడు. దారం పక్కకు జారింది, తెగలేదు.

"చిన్నశెట్టీ, ఇది చాకా, గూటమా? వలతాడు కాలికి చుట్టుకుంటే నేను కోసుకునేదాకా అల ఆగతాదా? నువ్వు చెప్పినావనే గదా తీసుకునింది."

అతను వెళ్ళిపోయాక నాన్న లేచి చాకులన్నీ పెట్టెలో వేశారు. "ఇవి పోతే పోనీరా. ఆ పాళెంలో నీ మాట పోతే అది మద్రాసులో దొరకదు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

సాన పట్టించాను. రెండు రోజులు కోశాయి, మళ్ళీ మామూలే. అప్పుడు ఎవరో బిట్రగుంట వెళ్ళమన్నారు. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెంచలయ్య రైల్వే కాలనీ చివర ఒక పెంకుటింటి వరండాలో ఉండేవాడు. తడి గోనె మీద పలకరాయి, పక్కన నీళ్ళ ముంత, కళ్ళద్దాలకు కాడల బదులు దారం. నేనిచ్చిన చాకు తెరిచి అంచు వైపు చూడనేలేదు. మొన వైపు నుంచి ఒక కన్ను మూసి, తుపాకి గురి చూసినట్టు చూశాడు.

"అంచు బాగానే ఉండాది అబ్బయ్యా. దాని వెనకాల చూడు, చెంపలు ఎంత లావో. అంచు లోపలికి దిగతానంటాది, చెంపలు దిగనీవు."

అంచుకు పైన రెండు పక్కలా ఉండే లావును ఆయన చెంపలు అనేవాడు. వాటిని రాతి మీద అరగదీసి పలచన చేయాలట, అదే దించడం. అంచును నూరితే సరిపోదట. నేను వెంటనే బేరంలోకి దిగాను. "రెండు డజన్లున్నాయి మేస్త్రీ. మొత్తానికి కలిపి ఒక మాట చెప్పండి."

"ఎవురి చాకులు?"

"మావే."

"నువ్వు తెప్పేసుకోని పోతావా?"

"లేదు."

"మరి నీవెట్లయినాయి? ఎవురు కోస్తారో, ఏం కోస్తారో, ఎట్ల కోస్తారో కనుక్కోని రా. ఎంత దించాల్నో అప్పుడు చెప్తా."

నాకు తెలిసిన విద్య ప్రయోగించాను. పెట్టె ఎత్తుకుని మెట్లు దిగాను. పిలవలేదు. వీధి మలుపు దాకా నడిచి వెనక్కి చూస్తే ఆయన ఎవరిదో కత్తెర తీసుకుని పనిలో పడ్డాడు. నా అంతట నేనే తిరిగి వచ్చి, "ఎట్ల కనుక్కోవాలి?" అని అడిగాను. "పోయి చూడు" అన్నాడు.

అలా నేను ఏదీ అమ్మే పని లేకుండా పాళెం వెళ్ళాను. నాలుగు రోజులు ఇసుకలో కూర్చుని చేతులు చూశాను. పోలయ్య దారాన్ని తనవైపు లాక్కుని కోస్తాడు, తెగకపోతే మణికట్టు మెలిపెడతాడు. ఒకతనిది ఎడమచేతి వాటం. ముసలి అంకమ్మకు కోసే పనే లేదు, చాకు మొనతో ఆలిచిప్పలు తెరుస్తుంది. చిన్నప్పటి నుంచీ వీళ్ళకు సరుకు అమ్ముతున్నాం, ఆ సరుకును వాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదు. ఇవన్నీ వెళ్ళి చెబితే పెంచలయ్య ఒక్కో చాకునూ ఒక్కో రకంగా దించాడు. ఎడమచేతి వాటానికి రెండో చెంప ఎక్కువ దించాడు. అంకమ్మ చాకును ముట్టుకోలేదు, "దానికి లావే బలం" అన్నాడు. కీలులోకి రాతిపొడి పోకుండా పిడికి తడిగుడ్డ చుట్టేవాడు. పది రుద్దులకు ఒకసారి నీళ్ళలో ముంచేవాడు. షెడ్డులో తిరిగే సానచక్రం ఉంది గదా, దానిమీదైతే త్వరగా అవుతుంది గదా అంటే, "వేడెక్కి నీలం తిరిగిందంటే ఆ ఉక్కు చచ్చినట్టే. ఆ తరవాత నువ్వెంత నూరినా పీనుగకు పౌడరు పూసినట్టే" అన్నాడు. అయిపోయాక అంచును బొటనవేలి గోరు మీద ఆనించి నొక్కేవాడు. అంచు రవ్వంత వంగి మళ్ళీ నిటారుగా నిలబడితే నవ్వేవాడు.

ఈసారి పోలయ్య మా బల్ల మీద దారం పరిచి లాగితే ఒక్క లాగుకు తెగింది. చాకు మడిచి మొలలో పెట్టుకున్నాడు. పాళెం వాళ్ళు మళ్ళీ రాసాగారు.

నా తెలివి అక్కడితో ఆగి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. చివరికి మిగిలిన చాకు నాకోసం ఉంచుకున్నాను. అది కూడా దించాక, అలవాటు కొద్దీ కొసరు అడిగాను. "ఇంకో నలభై రుద్దులు కొసరు వెయ్యండి మేస్త్రీ, ఇన్ని చాకులు తెచ్చినా గదా."

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "పప్పులో కొసరడిగితే పప్పు పెరుగుతాది. దీంట్లో కొసరడిగితే చాకు తరుగుతాది అబ్బయ్యా."

"నాదే గదా. చూడముచ్చటగా ఉంటుంది."

"నీదే గనక చేస్తుండా. కాయితం కోసుకో, తమలపాకు కోసుకో. ఇంకొకరి చేతికి ఇయ్యమాక."

ఇవ్వనని చెప్పాను. ఆ చాకు చూసి తీరాలి. గాలిలో పట్టుకున్న తమలపాకు తనంతట తానే రెండయినట్టుండేది. పాళేనికి వెళ్ళినప్పుడల్లా తీసి చూపించేవాణ్ణి. ఇట్లాంటిది మద్రాసులో కూడా దొరకదని చెప్పేవాణ్ణి. ఒకరోజు పోలయ్య దాంతో మూడు పేటల నైలాను తాడు కోసి చూసి, తన చాకు నా ముందు పెట్టాడు. "ఇది తీసుకో, పైన ఇంకో కొత్త చాకు ఖరీదిస్తా. అది నాకియ్యి." మెట్లు దిగి వెళ్ళిపోయే నాటకం కూడా అక్కర్లేని బేరం. అతని చాకు నా మొలలోకి వచ్చింది, నాది అతని మొలలోకి వెళ్ళింది.

ఆ గొప్ప చెప్పుకోవడానికి మర్నాడే బిట్రగుంట వెళ్ళాను. అంతా విని పెంచలయ్య రాతి మీద చెయ్యి ఆపాడు. "పోలయ్య చాకు నీ దగ్గరుంటే, పోలయ్య దగ్గర ఏముండాది?"

మొలలోంచి పోలయ్య చాకు తీసి చూశాను.

"మణికట్టు మెలిపెడతాడని నువ్వే చెప్తివి" అన్నాడు. గొంతు పెంచలేదు. చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు.

"మీరు కూడా రండి మేస్త్రీ. మీరు చెబితే వింటారు."

"నేనొస్తే అది నా మాటయితాది. పోగొట్టుకునేది నువ్వు. నువ్వే పో."

సాయంత్రం నాలుగింటికి పాళెం చేరాను. తెల్లవారకముందే తెప్పలు వెళ్ళాలి, ఒడ్డున వలలు సర్దుతున్నారు. పోలయ్యతో, "అన్నా, ఆ చాకు ఇచ్చెయ్యి. నీ చాకు ఇదిగో, నువ్విచ్చిన డబ్బు ఇదిగో. అది సముద్రానికి పనికిరాదు, అంచు ఊడిపోతుంది" అన్నాను.

"మద్రాసులో కూడా లేదంటివి గదా."

"అన్నాను."

"అంటే ఎవురో ఎక్కువిస్తామన్నారు."

"కాదన్నా. కావాలంటే పైన ఇంకో రూపాయి నేనిస్తా."

అంతకంటే తెలివితక్కువ మాట ఆ పూట ఇంకొకటి ఉండదు. వల కుడుతున్న ఒకతను తలెత్తి, "ఇయ్యమాక మామా. చిన్నశెట్టి తనంతట తాను రూపాయి ఎక్కువిస్తుండాడంటే దాంట్లో బంగారం ఉండాదేమో చూడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పెంచే కొద్దీ పోలయ్య పట్టు పెరిగింది. ఒక సరుకును పొగిడిన నోటితోనే తెగడడం ఎంత కష్టమో మా వంశంలో ఎవరికీ తెలిసి ఉండదు. ఎవరికీ ఆ అవసరం రాలేదు.

"పోనీ, ఒక్కసారి చేతికియ్యి" అన్నాను. ఇచ్చాడు. తెప్ప దుంగ మీద తడిసిన లంగరు తాడు ఉంది, పేటల మధ్య ఇసుక. మొదటి లాగుకు అరటి బోదెలా తెగింది. చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా చూశారు. రెండోసారి లోపల చాకు ఇరుక్కోగానే, నాలుగు రోజులు కూర్చుని చూసిన విధంగా, మణికట్టు మెలిపెట్టాను. టిక్కుమని చిన్న చప్పుడు. అంచులో గోరంత ముక్క ఊడి ఇసుకలో పడింది.

పోలయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "నేను కొనుక్కున్న చాకు పగలగొడతావా?"

"ఆ తాడు నీ కాలికి చుట్టుకుని ఉంటేనో?"

చొక్కా వదిలేశాడు. ఊడిన చోట వేలు పెట్టి కాసేపు తడిమాడు. "తెలిసే అమ్మినావా?"

మర్చిపోయానని చెబుదామనుకున్నాను. నాలుక మీదికి వచ్చింది కూడా. "ఎవరికీ ఇవ్వొద్దని మేస్త్రి చెప్పినాడు. బేరం మంచిదొచ్చింది, ఇచ్చేసినా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పోలయ్య నా చేతిలోంచి తన పాత చాకు తీసుకుని, అదే తాడు మీద లాగి, మెలిపెట్టి చూశాడు. అంచు చెక్కుచెదరలేదు. మడిచి మొలలో దోపుకున్నాడు. డబ్బు తీసుకున్నాడు, నేను పైన పెట్టిన రూపాయి మాత్రం వెనక్కి ఇచ్చాడు.

"చిన్నశెట్టీ, ఇంక నువ్వు బాగుండాదని చెప్తే నమ్మను. బాగలేదంటే నమ్ముతా" అని వల సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు.

పెంచలయ్యకు ఈ మాట చెబితే రాయి మీద నీళ్ళు చిలకరిస్తూ, "సగం దక్కించుకున్నావు. అసలైన సగమే" అన్నాడు. ఆ తరవాత కూడా ఏళ్ళ తరబడి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఒక్కసారైనా ఆ సంగతి ఎత్తలేదు, ఒక్కసారైనా ధర తగ్గించలేదు.

ఆయన పోయాక కొట్టు పెద్దదయింది. నేనే నలభై ఏళ్ళు నడిపాను. సరుకును పొగడటం నాకు ఎవరూ నేర్పలేదు, అది పాలతో పాటే వచ్చింది. ఇది ఏ పనికి పనికిరాదో ముందు చెప్పడం మాత్రం నేర్చుకున్నాను. కొనేవాడు చెయ్యి చాచి నిలబడి ఉంటాడు, బేరం కుదిరిపోయి ఉంటుంది, ఒక్క నిమిషం నోరు మూసుకుంటే సరిపోతుంది. అప్పుడు మూసుకోవాలనే అనిపిస్తుంది. అది ఇన్నేళ్ళయినా తగ్గలేదు. అయినా చెప్పేస్తాను.