ఉతకని గుడ్డ

మాస్టారి దగ్గర చదువుకున్న మీ అందరికీ,

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఆరో తరగతితో బడి మానేశాను, అక్షరాలు వంకరగా వస్తాయి. మాస్టారి గురించి పుస్తకం వేస్తున్నామని మీరు పంపిన కాగితం మా ఆయన నా ముందు పెట్టి, "నువ్వే రాయి, నాకు సేతకాదు" అన్నారు.

మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు మా ఆయన అన్నం తింటున్నారు. కలిపిన ముద్ద వదిలేసి లేచిపోయారు. ఆ రోజు కంకర క్రషర్‌కి పనికి వెళ్లలేదు. టెక్కలి కాలేజీలో మాస్టారి దగ్గర ఏడాది చదివి మానేసి, నందిగాం దగ్గర మా కొండను పిండిచేసే ఆ క్రషర్‌లోనే లారీ తోలుతున్నారు. ఆ కొండ కరిగిపోవడం గురించే మాస్టారు మీకు పాఠం చెప్పేవారు. అయినా మా గుమ్మం దగ్గర స్కూటర్ ఆపకుండా వెళ్లేవారు కాదు. మంచినీళ్లు తాగి, గ్లాసు తనే కడిగి, కుండ మూత మీద కప్పిన గుడ్డపై బోర్లించేవారు. నేను తలుపు వెనక నుంచే మాట్లాడేదాన్ని.

ఒకరోజు ఆ గుడ్డను పరీక్షగా చూశారు. పొద్దున వేసిన తెల్లగుడ్డ క్రషర్ దుమ్ముకి సాయంత్రానికి బూడిదరంగులో ఉంది. "తల్లీ, వారం దాకా దీన్ని ఉతక్కు. పిల్లల్ని తెత్తాను. నేను గంటసేపు సెప్పేది ఇది ఒక్క సూపులో సెప్తాది" అన్నారు.

మీరు వచ్చి జీడిచెట్ల కింద కూర్చున్నారు. నేను తెచ్చిన గుడ్డ మల్లెపువ్వులా ఉంది. ఇంటికి నలుగురు వస్తుంటే మురికిగుడ్డ ఎలా ఉంచుతామని ముందురోజే సబ్బు పెట్టి ఉతికేశాను. మీరు నవ్వారు. మాస్టారూ నవ్వి, పాఠాన్ని సబ్బుతో తోమేసిందన్నారు.

మీలో ఒకమ్మాయి క్వారీలు మూసేసి సూర్యుడి కరెంటు పెట్టాలంది. "పెడదాం. ఆ పలకలు ఎవలి జీడితోటలో పెడతారో రాసుకో. కొండ ఆగితే ఈ యమ్మ పెనిమిటి ఏటి సేత్తాడో అదీ రాసుకో. అప్పుడే నీ జవాబు పూర్తి" అన్నారు మాస్టారు. అంతవరకు ఆయన మా పొట్ట కొడతారేమోనని లోపల భయం ఉండేది. ఆ మాట విన్నాక ఏమనుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మాస్టారు వెళ్తూ, ఎప్పటిలాగే గ్లాసు కడిగి కుండ మీద మళ్లీ కప్పిన ఆ గుడ్డపై బోర్లించి, క్రషర్ పెంచడం మీద ఊరి వాళ్ల మాట వినడానికి ఆఫీసర్లు వస్తారని, అప్పుడు గుడ్డ చూపిద్దామని చెప్పారు. "ఈసారి ఉతక్కేం" అన్నారు. సరేనన్నాను. కానీ మొదటిసారి ఉతికింది సిగ్గుతోనా, మా ఆయన పని పోతుందన్న భయంతోనా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

రెండోసారి ఉతకలేదు. ఇంట్లో ఆడది ఉన్నట్టు లేదని అత్త దెప్పింది. మా ఆయన మాత్రం గుడ్డ చూసి, నీళ్లు ముంచుకుని, మాస్టారి గ్లాసు మళ్లీ ఉన్నచోటే బోర్లించేవారు.

ఆఫీసర్లు వచ్చే వారం వస్తారట. గుడ్డ మీకే పంపుతున్నాను. చూపించమనీ అనలేను, వద్దనీ అనలేను. ఈ ఉత్తరం పుస్తకంలో వేయకండి, మా ఆయనకు మాట వస్తుంది. చదివి కాల్చేయండి.

గుడ్డను మాత్రం కాల్చకండి, ఉతకకండి. మెల్లగా విప్పండి. మధ్యలో గుండ్రంగా, తెల్లగా కొంచెం చోటు మిగిలింది. మాస్టారు గ్లాసు బోర్లించింది అక్కడే.