మూడంతస్తుల కేకుకి టెస్ట్ డ్రైవ్

కేకుల అక్కకు కారు కావాలి. ఎలాంటిది కావాలో మాత్రం ఆమెను తప్ప అందరినీ అడుగుతున్నారు, ఆమె భర్త లెక్కల మాస్టారు.

పెళ్ళిళ్ళకు అంతస్తుల కేకులు చేయడం ఆమె పని. చేయడంలో ఆమెకు తిరుగులేదు. చేరవేయడమే గండం. పాత కారు డిక్కీ నేల ఎగుడుదిగుడు, వెనక సీటు ఏటవాలు. మాస్టారు ముందు కూర్చుని నడుపుతుంటే, ఆమె వెనక కేకును ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా రెండు చేతులా పట్టుకునేది. దిగేసరికి చేతులు కొయ్యబారిపోయేవి. క్రీముతో పేర్లు రాసేదేమో అక్కడికి చేరాకే!

మొన్న ఒక పెళ్ళిలో చెయ్యి వణికి పెళ్ళికూతురి పేరు వంకరటింకరగా వచ్చింది. పాపం ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. ఈవిడ మాత్రం ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే ఓవెన్ అమ్మేస్తానండీ," అంది. ఊరికే బెదిరించే మనిషి కాదు.

దాంతో మాస్టారు నడుం బిగించారు. ఫోన్లో కార్ల రివ్యూలు చెప్పే నల్లకళ్ళద్దాల పెద్దమనిషి ఒకడున్నాడు. మాస్టారికి అతని మాట వేదం. అన్నం తింటూ అతన్నే వినడం, పళ్ళు తోముకుంటూ అతన్నే వినడం. ఇంట్లో మూడో మనిషి చేరినట్టే ఉంది.

"పదికి తొమ్మిదిచ్చాడే! మలుపుల్లో రోడ్డుకి అతుక్కుపోతుందట!"

"కారు అతుక్కుంటే సరే. కేకో?"

"కేకు గురించి ఏం చెప్పలేదు."

"ఎందుకు చెబుతాడు? ఆయనేమైనా కేకులు మోస్తాడా?"

మర్నాడు షోరూముకు ఆమె ఒట్టి చేతులతో రాలేదు. మూడంతస్తుల కేకుతో దిగింది. సేల్స్‌మన్ మొహం వెలిగిపోయింది.

"ఎవరి పుట్టినరోజు మేడమ్?"

"ఎవరిదీ కాదు బాబూ. డిక్కీ తెరువు."

తొమ్మిది మార్కుల కారు బయల్దేరింది. స్టీరింగు దొరికిందో లేదో మాస్టారికి పాతికేళ్ళ కుర్రతనం వచ్చేసింది. మొదటి మలుపులో, అబద్ధం ఎందుకు, కారు నిజంగానే రోడ్డుకు అతుక్కుంది. కేకు మాత్రం డిక్కీ గోడకు అతుక్కుంది.

షోరూముకు తిరిగొచ్చాక ఆమె సంచిలోంచి గరిట తీసి, పడిన అంతస్తును మళ్ళీ నిలబెట్టి క్రీము సర్దింది. తరవాత మూలనున్న కారు వైపు చెయ్యి చూపించింది.

"అదా!" మాస్టారు అదిరిపడ్డారు. "దానికి ఐదే మార్కులే! నడుపుతుంటే నిద్రొస్తుందన్నాడు!"

"బ్రేకుల గురించి ఏమన్నాడు?"

"బాగున్నాయన్నాడు. గుద్దుకున్నా లోపలివాళ్ళకి భయం లేదన్నాడు."

"అది మనం గుద్ది చూడలేం కదా, ఆయన మాటే నమ్ముదాం. నిద్ర సంగతి మీరు చూసుకోండి, ముందు రాత్రి పెందరాళే పడుకుని."

ఆ కారు డిక్కీ నేల పీటలా చదునుగా ఉంది. కేకు అందులో కుదురుగా కూర్చుంది. సేల్స్‌మన్ దానికి కాపలాగా వెనక సీటెక్కాడు. ఆమెకు ముందు సీటే మిగిలింది.

మొదటి మలుపు, గతుకుల రోడ్డు, స్పీడ్ బ్రేకరు అన్నీ దాటారు. కారు సాఫీగా, కాస్త బద్ధకంగానే పోతోంది. మాస్టారు నిజంగానే ఒకసారి ఆవలించారు.

"మేడమ్, ఒక్క పువ్వు కూడా కదల్లేదు!" వెనకనుంచి సేల్స్‌మన్ కేకేశాడు.

ఆమె అద్దంలోంచి దుకాణాలు, మనుషులు, సైకిళ్ళు పోతుంటే చూస్తోంది. కేకు మీంచి చూపు తిప్పకుండా ఎన్నిసార్లో వెళ్ళిన దారి అది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక బ్యాగు తెరిచింది, మూసింది. ఆమె కళ్ళు నిండటం మాస్టారి కంటపడింది.

"ఏమైందే? నచ్చలేదా? పోనీ ఇంకో రివ్యూ చూద్దామా?"

"కేకులు మొదలెట్టాక ఏ పెళ్ళికి వెళ్ళినా మీ పక్కన కూర్చోలేదండీ," అంది.

మాస్టారు కారు పక్కకు తీసి ఆపారు. నల్లకళ్ళద్దాల పెద్దమనిషి చెప్పిన మాట ఒక్కటీ ఆయనకు గుర్తు రాలేదు. ఆమె రెండు చేతులూ చాపి ఆయనకు చూపించింది. వేళ్ళు వణకడం లేదు.