మా అత్త పెట్టిన మిల్లు చీర

మా అత్త పోయిందని పోయిన నెల ఒక పొద్దున మా బావ ఆదోని నుంచి ఫోను చేసి చెప్పాడు. "రాత్రి అన్నం తినింది. పొద్దున లేపితే లేయలేదు" అన్నాడు. తొంభై దాటిన మనిషి, మంచాన పడకుండా పోయింది, ఇంకేం కావాలి అని అందరూ అన్నారు. నేనూ తలూపాను. కర్నూలు నుంచి బయలుదేరిన బస్సు ఎమ్మిగనూరు దాటేటప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు. ఎమ్మిగనూరు నా పుట్టిల్లు, ఆదోని అత్తిల్లు. ఒకప్పుడు రెండేళ్ళపాటు మా పుట్టింటివాళ్ళు ఆ ఆదోని ఇంటి గడప తొక్కలేదు. దానికి కారణం మా అత్తే. మళ్ళీ ఆ దారి తెరిచిందీ ఆమే.

ఆమెను దేవతను చేసి రాస్తే ఆమెకే నచ్చదు. కోపం ఉండేది, మొండితనం ఉండేది. మద్దికెర దగ్గర ఒక పల్లెలో ఎనిమిదిమంది పిల్లల్లో ఆరోదిగా పుట్టింది. అక్కలు విడిచిన పావడాలు కట్టుకునే పెరిగింది. తనకంటూ కొన్న మొదటి కొత్త బట్ట పెళ్ళి చీరేనట. జొన్నరొట్టె తట్టేటప్పుడు మాట్లాడేది కాదు. ఎవరైనా పలకరిస్తే పిండి చేయి పైకెత్తి ఆగమనేది. రొట్టె పెనం మీద పడ్డాకే "ఊ, ఇప్పుడు సెప్పు" అనేది. ఎంత తొందర పని మీద వచ్చినవాళ్ళయినా అట్లా నిలబడాల్సిందే.

నా పెళ్ళి డెబ్భైల చివర్లో జరిగింది. మా నాయన మగ్గం నేసేవాడు. మా అత్తవాళ్ళదీ మా కులమే అయినా వాళ్ళింట్లో మగ్గం తాతల కాలంలోనే మూలపడింది. మా మామ దూది మిల్లులో గుమాస్తా. నా తోటికోడలు నాకంటే రెండేళ్ళ ముందు ఆ ఇంటికి వచ్చింది. ఆమె పుట్టిల్లూ ఆదోనే. వాళ్ళ నాయనకు పెద్ద బట్టల అంగడి ఉండేది. ఆ పెళ్ళిలో వాళ్ళు మా అత్తకు పట్టుచీర పెట్టారు. మా నాయన పట్టు కొనలేడు. అందుకని వియ్యపురాలి కోసం తానే ఒక నూలు చీర నేశాడు. వంకాయ రంగు చీర, పసుపుపచ్చ అంచు. అంగడికి నేసే చీరలు అట్లా నేసేవాడు కాదు. ఒక్క పోగు తెగినా ఆపి, విప్పి, మళ్ళీ అతికేవాడు. అమ్మ నూలు కండెలు చుట్టి ఇస్తూ "అంగట్లో పెడితే కండ్లకద్దుకోని కొనుక్కపోతారు" అని మురిసిపోయేది.

పెళ్ళయిన రెండో ఏడు నాకు పాప పుట్టింది. పాపను తొట్టెలో వేసే పండుగ, మా బావ కొడుక్కి పుట్టువెంట్రుకలు తీసే పండుగ ఒకేరోజు ఆదోనిలో పెట్టుకున్నారు. ఇద్దరు కోడళ్ళ తల్లిదండ్రులూ వచ్చారు. భోజనాలయ్యాక వాకిట్లో చాప పరిచి, చుట్టాలందరి ముందూ మా అత్త వియ్యంకులకు బట్టలు పెట్టింది. మొదట తోటికోడలి వాళ్ళకు. పట్టుచీర, జరీ పంచె, వెండి కుంకుమభరిణె. తర్వాత మా వాళ్ళకు. పంచె మామూలుది. చీర మిల్లు చీర, నీలం మీద తెల్ల పువ్వులు అచ్చువేసింది. మిల్లువాళ్ళు అంటించిన కాగితం ఇంకా దాని మీదే ఉంది.

మా అమ్మ బొట్టు పెట్టించుకుని బట్టలున్న తట్ట తీసుకుంది. మా నాయన చీర కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒకసారి రుద్దాడు. ఏ బట్ట చేతికొచ్చినా ఆయనకు అది అలవాటు. తర్వాత మెల్లగా వదిలేశాడు. ఆ వదిలేయడం నేను చూశాను. సాయంత్రం బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మా నాయన మా ఇంటికి రాలేదు. నూలుకనీ, రంగులకనీ నెలకొకసారైనా ఆదోనికి వచ్చేవాడు. "మీ నాయన బజార్లో కనపడినాడే" అని ఇరుగమ్మలు చెబితే నాకు తెలిసేది. ఇంటికెందుకు రాలేదని వాళ్ళు అడుగుతారేమోనని, "తొందర పని మీద వచ్చింటాడు" అని నేనే ముందుగా చెప్పేదాన్ని. పండుగలకు పుట్టింటికి పోయినప్పుడు ఆయన పాపను భుజం మీంచి దించేవాడు కాదు. మా అత్త మాట వస్తే మాత్రం లేచి మగ్గం గుంటలో దిగి నేయడం మొదలుపెట్టేవాడు. ఒకసారి అమ్మ అడిగింది, "నాయన నేసిన సీర మీ అత్త కట్టుకుంటాందా?" అని. "రోజూ కట్టుకుంటాది, పిండి రుబ్బేటప్పుడు గూడా" అన్నాను. అమ్మ ముఖం అప్పుడెందుకు వాడిపోయిందో నాకు ఆ రోజు అర్థం కాలేదు.

రెండేళ్ళు అట్లా గడిచాయి. నేను మా అత్తతో పనికి కావలసిన మాటలే మాట్లాడేదాన్ని. ఆమె గమనించిందో లేదో తెలియదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె ఎవరినో బస్సెక్కించడానికి పోయి తిరిగివచ్చింది. చెప్పులు విప్పి నడవలో కూర్చుంది. నీళ్ళిస్తే తాగలేదు.

"మీ నాయన బస్టాండులో కూచోని బొరుగులు తింటాండాడు" అంది.

నేను ఆమె తాగని నీళ్ళ చెంబు తీసి పక్కన పెట్టాను.

"మన ఇల్లు ఈడ పెట్టుకోని ఆడ బొరుగులు తింటాండాడు. నన్ను సూసి లేసి నిలబడినాడు. బాగుండావా అమ్మా అన్నాడు. ఇంటికి రా అన్నా అంటే బస్సుకు టైమయింది అన్నాడు. ఆ బస్సు ఇంగా గంటకు గానీ కదల్దు, నాకు తెల్దా? ఏం జరిగిందమ్మే, సెప్పు."

చెప్పాను. రెండేళ్ళుగా లోపల పెట్టుకున్నదంతా చెప్పాను. "సీర ఎంతదని కాదత్తా. నేసేవాళ్ళకు మిల్లు సీర పెట్టినావు. పదిమందిలో పెట్టినావు. పక్కన వాళ్ళకు పట్టు పెట్టి పెట్టినావు."

"ఆ పొద్దే ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే సీర కోసం కొట్లాడినట్ల ఉండదా?"

కాదని వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. "పెద్ద వియ్యపురాలు మాట అంటాదని బయపడి ఆమెకు పట్టు పెట్టినా. మీ అమ్మ ఏమీ అనదు, మంచిది అనుకోని సేతికందింది పెట్టినా. మంచోళ్ళకే తక్కువ పెట్టినా సూడు" అంది. ఆ మాట నాతో కాదు, తనతో తాను అనుకున్నట్టుగా ఉంది.

వారం తిరక్కముందే నన్నూ పాపనూ తీసుకుని ఎమ్మిగనూరు బయలుదేరింది. నా తోటికోడలు మంచిది. విషయం తెలిసి తానే నొచ్చుకుంది. "అత్తా, మా నాయన అంగట్లో పట్టుసీర తీపిస్తా, తీసుకపో" అంది.

"వద్దు. ఇప్పుడు పట్టుసీర తీసుకపోతే నోరు మూపిచ్చేకి తెచ్చినట్ల ఉంటాది" అంది మా అత్త. పాప చేతిలో ఉన్న బిస్కట్ల పొట్లం తప్ప మేమేమీ తీసుకుపోలేదు.

మేము మా పుట్టింటి గడప దాటేసరికి అమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతోంది. మా అత్తను చూసి గబుక్కున లేచి, వంటింటి వాకిలికి అడ్డంగా నిలబడింది. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. ఆ వాకిలికి తెరగా వేలాడుతున్నది ఆ నీలం మిల్లు చీరే. రెండుగా చింపి, పైన మడిచి కుట్టి, తాడు దూర్చింది అమ్మ.

"జరుగు వదినా, సూడనీ" అంది మా అత్త.

అమ్మ జరగక తప్పలేదు. మా అత్త దగ్గరకు పోయి కుట్టు చూసింది, చేత్తో సర్ది చూసింది. "వాకిలికైతే బాగుంది. పెట్టిన పొద్దే ఇది వాకిలికని సెప్పి పెట్టింటే పోయేది" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. మా అత్తా నవ్వింది.

మా నాయన నవ్వలేదు. లోపలి నుంచి మగ్గం చప్పుడు ఆగలేదు. మా అత్త పోయి మగ్గం గుంట పక్కన కింద కూర్చుంది. ఆయన నేస్తూనే ఉన్నాడు. ఆమె చూస్తూనే ఉంది. జానెడు బట్ట నేసేంతసేపు ఇద్దరూ అట్లాగే ఉన్నారు.

"అన్నా, తప్పయింది" అంది చివరికి.

మగ్గం ఆగింది. "అట్ల అనొద్దమ్మా" అన్నాడు మా నాయన.

"అననీ. పదిమందిలో సేసిన తప్పు నాలుగు గోడల మద్దెన ఒప్పుకుంటే సాలదని నాకు తెలుసు. ఆ పదిమందినీ మల్ల పిలుస్తా. ఆ పొద్దు నువ్వు రావల్ల."

ఆయన తెగిన పోగొకటి వేళ్ళతో అతికాడు. "మిల్లు సీరదేముందమ్మా. నేను నేసిన సీర పిండి రుబ్బేకి కట్టుకుంటావంట. అది యినినప్పుడు ఎక్కువ నొచ్చింది" అన్నాడు.

నేను తలవంచుకున్నాను. మా అత్త మాత్రం వింతగా చూసింది. "రుబ్బేకే కాదు. రొట్టె సేసేకి, నీళ్ళు సేదేకి, పడుకునేకి గూడా అదే కట్టుకుంటా. పట్టుసీర కడితే నాకు ఊపిరాడదన్నా. ఏడాదికొకసారి తీసి ఎండకేసి మల్ల పెట్టెలో పెడ్తా. నీ సీర వంటిమీద ఉన్నట్లే తెల్దు. నేను మెచ్చింది అదా, ఇదా?"

మా నాయన తలెత్తి ఆమెను చూశాడు. ఆ మాటకు ఆయన ముఖంలో వచ్చిన మార్పును నేను ఇన్నేళ్ళలో మరిచిపోలేదు. తర్వాత ఆమె రెండు చీరలు నేసిపెట్టమని అడిగింది. రెండూ ఒక్కలాంటివే ఉండాలంది. డబ్బు తీసుకోనని ఆయన, ఊరికే అయితే వద్దని ఆమె. "నేను తక్కువ పెట్టినదానికి నువ్వు ఎక్కువ పెట్టి పంపిస్తే నేను మొగం యాడ పెట్టుకోవల్ల?" అని గట్టిగా అడిగాక ఆయన ఒప్పుకున్నాడు. ఆ పూట మా అత్త మా ఇంట్లో రొట్టె తినింది. రొట్టె కొంచెం మందమయిందని అమ్మకు చెప్పింది కూడా.

మరుసటి ఏడు నా తోటికోడలికి కూతురు పుట్టినప్పుడు అన్నమాట ప్రకారం అందరినీ పిలిచింది. అదే వాకిలి, అదే చాప. ఈసారి రెండు తట్టల్లోనూ మా నాయన నేసిన చీరలే. "మా సిన్న వియ్యంకుడు నేసినాడు" అని అందరూ వినేటట్టు చెప్పి పెట్టింది. మా నాయన మా పాపను ఒళ్ళో పెట్టుకుని తలవంచుకుని కూర్చున్నాడు, సిగ్గుపడే పెళ్ళికొడుకులాగా.

కథ ఇక్కడితో ముగిసిందని చెబితే అబద్ధం అవుతుంది. తోటికోడలి అమ్మ ముఖం ఆ నూలు చీరను చూసి మాడిపోయింది. అంతకుముందు పట్టు అందుకున్న మనిషి కదా. ఆమె వెళ్ళిపోయాక నా తోటికోడలు వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని కండ్లు తుడుచుకుంటోంది. పొగకు కాదు. పుట్టింటివాళ్ళు చిన్నబోతే ఎట్లా ఉంటుందో ఆ ఇంట్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు? పోయి పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక ఆమె చేతిలోని చింతపండు తీసుకుని నేను పిసికాను. మేమిద్దరం అక్కాచెల్లెళ్ళమయింది ఆ సాయంత్రమే.

మా అత్త వాకిట్లోంచి చూసింది. "ఇద్దరికీ ఒకటే పెట్టినా. ఇంగ నొచ్చుకుంటే ఆ నొప్పి నేను పెట్టింది గాదు" అంది. అట్లా అన్నా, ఆ వారం రోజులూ పెద్దకోడలికి తానే తలకు నూనె రాసింది. ఆ పెద్ద వియ్యపురాలు ఆ చీర ఎప్పుడైనా కట్టుకుందో లేదో నాకు తెలియదు.

మా నాయన ఎనభైల చివర్లో పోయాడు. పోయేదాకా ఆదోనికి ఎప్పుడొచ్చినా ఇంటికొచ్చేవాడు. ఆయన కాళ్ళు కడుక్కునే లోపల ఆమె పెనం పొయ్యి మీద పెట్టేది. ఆయన మాట్లాడబోతే పిండి చేయి పైకెత్తేది. ఆయన నవ్వుకుంటూ ఆగేవాడు.

ఇప్పుడు నేనూ వియ్యపురాలినే. బట్టల అంగట్లో కూర్చుని వీళ్ళకిది, వాళ్ళకది అని వేరు చేసి పెట్టేటప్పుడు, 'వీళ్ళేమీ అనుకోరులే' అన్న మాట మనసులోకి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ చేయి ఆగుతుంది. ఆమె నాకు ఇచ్చిపోయింది ఇదేననుకుంటాను.

ఆదోనిలో పత్తి దిగే కాలంలో బండ్లు పోయిన వీధులన్నిటా దూది ఎగురుతుంది. గోడలకు, కిటికీ కమ్ములకు, కంచెలకు అంటుకుంటుంది. మా అత్త పొద్దున్నే పోయి ఆ దూది ఏరుకొచ్చి, గింజ తీసి, గడప మీద కూర్చుని మోకాలి మీద దీపపు ఒత్తులు చేసేది. చూడకుండానే చేసేది, మాట్లాడుతూనే చేసేది. కడపటిసారి నేను చూడబోయినప్పుడు ఆమెకు చూపు లేదు, మాటా సరిగా రావడం లేదు. ఎండ పడే చోట కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన కూర్చున్నాను. నా పేరు అడగలేదు, "తిన్న్యావా" అని మాత్రం అడిగింది. తిన్నానత్తా అన్నాను. ఆమె కుడి అరచేయి మోకాలి మీద ముందుకు పోతోంది, వెనక్కి వస్తోంది. వేళ్ళ మధ్య దూది లేదు. ఒక్కో ఒత్తీ అయిపోయినట్టు చేయి కాస్త ఆగుతుంది, పక్కన పెడుతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది.