మా వదిన కుడి పిడికిలి

మా వదినకి యాభై దాటాక గాల్లో తేలాలనిపించింది. ఇది నా వెటకారం కాదు, ఆవిడే అంది. ఒకావిడ తల మీద దువ్వెన ఆనించి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "అసలు వాళ్ల కాళ్లు నేలకి ఆనుతున్నాయంటావా?" అని నన్నడిగింది. కుర్చీలో కూర్చున్నావిడ తన జుట్టు గురించే అడిగారనుకుని, "కొంచెం పొట్టిగానే ఉంచండి" అంది.

వదినంటే మా ఆయన అక్క. మాది రెండో అంతస్తులో జుట్టు కత్తిరించే దుకాణం. రెండు కుర్చీలు, గోడ నిండా ఒకటే పెద్ద అద్దం. కిటికీ దగ్గరి కుర్చీ ఆవిడది, తలుపు దగ్గరిది నాది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడే నా చేతికి కత్తెరిచ్చి పని నేర్పింది. ఆ రోజు మొదలైన పోట్లాట ఇప్పటికీ ఆగలేదు. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. దుకాణం పెట్టింది, తమ్ముణ్ణి చదివించింది, నన్ను తెచ్చి కట్టబెట్టింది. తన పెళ్లి మాటెత్తితే మాత్రం ఒంటికాలి మీద లేచేది. ఎంతమంది పెళ్లికూతుళ్లకి జుట్టు ముడేసిందో లెక్కలేదు. ముడి వెయ్యడం అయిపోగానే పిన్నులపెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసేది, పెళ్లికి ఉండేది కాదు.

సందుకి అవతల, సరిగ్గా మా కిటికీకి ఎదురుగా, ఒక పాత గిడ్డంగి ఉంది. దాని పై అంతస్తులో వుషు నేర్పుతారు. చైనావాళ్ల యుద్ధవిద్య. అలాంటిలాంటి పిల్లలు కారు, పోటీలకి వెళ్లే జట్టు. పొద్దున్నే మేం దుకాణం తెరిచి తువ్వాళ్లు మడతపెడుతుంటే ఎదురు కిటికీల్లో వాళ్లు గిరగిరా తిరిగి గాల్లోకి లేచేవాళ్లు. చప్పుడేమీ ఇవతలికి వినపడేది కాదు. ఆ ఎగురుళ్లన్నీ అయ్యాక, చివర్లో అందరూ కిటికీ వైపు, వెలుతురు వైపు తిరిగి, ఒక నెమ్మది వరస చేసేవాళ్లు. తైజీ అంటారట దాన్ని. ఆవిరి పట్టిన గాజు వెనక తెల్లబట్టల్లో చేతులు పైకి లేచేవి, ఒరిగేవి, దిగేవి. నీళ్ల అడుగున మనుషులు నడుస్తున్నట్టుండేది. ఆ కాసేపు నా చేతిలో తువ్వాలు కూడా మడత పడేది కాదు. నాకే అలా ఉంటే ఇక వదిన సంగతి చెప్పాలా.

ఒకరోజు ఆ జట్టులో పిల్ల మా మెట్లెక్కి వచ్చింది. అందరూ దాన్ని పిడుగు అంటారు. పోటీలో గాల్లో తిరిగినప్పుడు ముడి ఊడి కళ్ల మీద పడిందట, మార్కులు పోయాయట, మొహం కందగడ్డలా చేసుకుని చెప్పింది. వదిన దాన్ని కూర్చోబెట్టి ముడి వేసి, "ఇప్పుడెగురు" అంది. ఆ పిల్ల మా దుకాణం మధ్యలోనే ఎగిరి తిరిగింది. నా చేతిలో సబ్బునురగ గిన్నె జారింది గానీ ముడి మాత్రం కదల్లేదు. తరవాతి పోటీకి జట్టంతా మా మెట్ల మీద బారులు తీరింది. వాళ్ల మాస్టారు స్వయంగా వచ్చి ఎంతివ్వాలమ్మా అని అడిగాడు. వదిన డబ్బొద్దంది. "మీ హాల్లో ఒక మూల నన్ను నిలబడనివ్వండి, చాలు" అంది. మాస్టారు ఆవిణ్ణి కిందికీ పైకీ చూసి, "నిలబడితే చాలదమ్మా, వంగాలి" అన్నాడు.

వంగింది. మొదటి రోజు నేనూ వెళ్లాను, నవ్వుకోడానికే. పిడుగు ఒక కాలు నుదుటికి తాకిస్తుంటే, వదిన కాలు నడుము దాకా లేచి అక్కడే ఆలోచనలో పడింది. కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు తొడలు వంచి నిలబడాలట, గుర్రపు నిలుపంటారు. పిల్లలు అలా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు, ఈవిడ మోకాళ్లు తడతడ కొట్టుకుంటున్నాయి. అయినా ఒక్కరూ నవ్వలేదు. నేను నవ్వబోతే పిడుగు నా వైపు గుడ్లురిమి చూసింది. ఇంటికొచ్చాక వదిన రెండు మోకాళ్లకీ వేడినీళ్ల కాపడం పెట్టుకుంటూ, "నేలకి ఆనుతున్నాయే వాళ్ల కాళ్లు. దగ్గర్నుంచి చూశాను. కానీ ఏదో మొహమాటానికి ఆనినట్టు ఆనుతున్నాయి" అంది. నేను కాపడం బుడ్డిలో వేడినీళ్లు మార్చాను.

అలా ఏడాది గడిచింది. మాస్టారు ఆవిడకి నిలుపులూ, తన్నులూ, అడుగులూ నేర్పాడు. నెమ్మది వరస మాత్రం నేర్పలేదు, కాళ్లు గట్టిపడాలన్నాడు. ఆవిడ గంట కాగానే హాల్లోంచి దుకాణానికి వచ్చేసేది, పిల్లలు ఆ తరవాతే కిటికీ వైపు తిరిగి వరస మొదలుపెట్టేవాళ్లు. వదిన మా కిటికీ ముందు నిలబడి, వాళ్లని చూస్తూ, వాళ్లతో పాటే చేసేది. రోజూ. చేతిలో దువ్వెనుంటే దువ్వెనతోనే. మొదటి చెయ్యి లేచిన దగ్గర్నుంచి చివరి నమస్కారం దాకా ఒక్క కదలిక పోకుండా పట్టేసింది. మాస్టారుతో చెప్పవేం అంటే, "సమయం రానీ, నోరు వెళ్లబెడతాడు" అనేది.

సమయం వచ్చింది. మా ఊళ్లోనే పెద్ద పోటీలు పెట్టారు. ప్రారంభం రోజున మా జట్టు నెమ్మది వరస ప్రదర్శించాలి. మార్కులుండవు, ఊరికే కనువిందుకి. ఇంకా మూడు వారాలుందనగా పిడుగు పక్కన నిలబడే పిల్లకి చీలమండ మడతపడింది. ముందు నిలబడే జంట చెడింది. మాస్టారు తల పట్టుకుని కూర్చుంటే, మూలనుంచి వదిన, "నాకొచ్చండీ ఆ వరస" అంది.

అందరూ గోడవారకి జరిగారు. వదిన వెళ్లి పిడుగు పక్కన నిలబడింది. నేను గుమ్మం దగ్గరున్నాను. పిడుగు కుడిచెయ్యి ఎత్తింది. వదిన ఎడమచెయ్యి ఎత్తింది. పిడుగు అటు ఒరిగింది, వదిన ఇటు ఒరిగింది. రెండో మలుపులో ఇద్దరూ ధనామని ఢీకొని కూలబడ్డారు.

ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు వదినని ఒంటరిగా చెయ్యమన్నాడు. చేసింది. ఒక్క తప్పు లేదు, అంతా తప్పే. వరస మొత్తం కుడి ఎడమలు తారుమారైపోయింది. అప్పుడు నాకు వెలిగింది. ఆ పిల్లలు కిటికీలోంచి మా వైపు తిరిగి చేసేవాళ్లు. వాళ్లు కుడిచెయ్యి ఎత్తితే ఎదురుగా ఉన్న వదిన తన ఎడమచెయ్యి ఎత్తింది, అద్దంలో బొమ్మ ఎత్తినట్టు. ముప్పై ఏళ్లుగా రోజంతా అద్దంలోకి చూస్తూ బతికిన మనిషి మరి. ఎదురుగా ఏది కనిపించినా అద్దం లెక్కనే తీసుకుంది. ఇంకెవరైనా అయితే మొదటి రోజే తడబడేవాళ్లు. ఈవిడ ఏడాది పాటు తడబడకుండా నేర్చుకుంది.

"ఇది తివాచీ ఎక్కించలేనమ్మా" అన్నాడు మాస్టారు. పోటీల్లో చేసేది తివాచీ మీదే. ఆయన మాట మెత్తగానే అన్నాడు, అందుకే ఇంకా బాధేసింది.

తిప్పి నేర్చుకోబోయింది. రాలేదు. కుడి అనుకునేది, ఒళ్లు ఎడమకే పోయేది. దుకాణంలో కత్తెర పట్టుకుని ఊరికే నిలబడిపోయేది. నేను ఊరుకోలేక, "పోనీలే వదినా, మార్కుల్లేని దానికి ఇంత రభస దేనికి?" అన్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు. గోడ మీద అద్దంలోనే నన్ను చూసింది.

"ఈ అద్దంలో నేను కనిపిస్తానా?" అంది.

"కనిపించకేం?"

"సగమే. ముందు వాళ్ల మొహం, వెనక నా చేతులు. ముప్పై ఏళ్లూ అంతే కదే. ఒక్కసారి నా ముందు ఎవరూ లేకుండా నిలబడాలనుంది. నిండుగా. అంతే."

నా కుర్చీలో మనిషి లేరని కూడా చూసుకోకుండా, ఖాళీ కుర్చీకి గుడ్డ కప్పాను.

మర్నాడు పొద్దున్నే పిడుగు వచ్చింది. ముడికనుకున్నాను. "ఆంటీ, లేవండి. నాకు ఎదురుగా నిలబడండి" అంది. కుర్చీలు రెండూ గోడకి జరిపింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ పిల్ల కుడిచెయ్యి ఎత్తింది, వదిన ఎడమచెయ్యి లేచింది. ఒకరు ముందుకొస్తే ఇంకొకరూ ముందుకొచ్చారు, అరచేతులు తాకీ తాకకుండా ఆగాయి, మళ్లీ విడిపోయి వెనక్కి జరిగాయి. బయట పల్చగా మంచు, లోపల దీపం ఇంకా వెయ్యలేదు. మధ్యలో ఎవరో కనపడని అద్దం నిలబెట్టినట్టుంది. పొయ్యి మీద టీ పొంగి పోతున్నా నేను లేవలేదు. ఎవరు మనిషి, ఎవరు నీడ అనేది కాసేపటికి నాకే తెలియకుండా పోయింది.

పిడుగు మాస్టార్ని మెట్ల మీంచి చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించింది. ఆయన గుమ్మంలో నిలబడి చివరిదాకా చూశాడు. అయ్యాక ఒకటే మాటన్నాడు.

"వరస తిరగబడినా నేను ఒప్పుకుంటానమ్మా. నమస్కారం తిరగబడితే మాత్రం ఒప్పుకోను."

ఆ విద్యలో నమస్కారం ఒకటే తీరు. కుడిచెయ్యి పిడికిలి, ఎడమచెయ్యి తెరిచి దాన్ని ఆపాలి. పిడికిలి బలమట, అరచెయ్యి ఆ బలాన్ని నీ మీద వాడనని చెప్పే మర్యాదట. తిప్పి పెడితే పెద్దల ఎదుట తప్పు. హాల్లో అడుగు పెట్టేటప్పుడు వదిన సరిగ్గానే పెడుతుంది, గుర్తు పెట్టుకుని. కానీ వరసంతా ఎడమగా చేసి చివరికొచ్చేసరికి చేతులు వాటంతటవే తిరగబడేవి. ఎడమ పిడికిలే వచ్చేది. "ప్రదర్శన ముందురోజు చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నన్ను తప్పు పట్టకండి" అనేసి మాస్టారు వెళ్లిపోయాడు.

ఇక మా దుకాణం చూడాలి. జుట్టు కత్తిరించి, మెడ మీద బ్రష్షు ఆడించి, గుడ్డ దులిపి, వచ్చినవాళ్ల ముందు నిలబడి వదిన నమస్కారం పెట్టేది, కుడి పిడికిలితో. కొందరు తిరిగి పెట్టారు. ఒక ముసలాయన మాత్రం కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెనక్కి నడిచాడు. మా ఆయన అన్నానికి కూర్చుంటే కంచం పెట్టి నమస్కారం. "అక్కా, నేనేం తప్పు చేశాను?" అన్నాడు పాపం. ఇంతా చేసి, వరస చివర మళ్లీ ఎడమ పిడికిలే. ముందురోజు మాస్టారు చూసినప్పుడు మొదటిసారి తప్పింది, రెండోసారి కుదిరింది, మూడోసారి తప్పింది. ఆయన చాలాసేపు కిటికీలోంచి మా దుకాణం వైపు చూసి, "రేపు మీ చేతులే చెప్పాలి" అన్నాడు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

పోటీల రోజు జట్టందరికీ వదిన ముడులు వేసింది. తన జుట్టు దగ్గరకొచ్చేసరికి దువ్వెన రెండుసార్లు జారవిడిచింది. "ఇటు కూర్చో" అన్నాను. ఇన్నేళ్లలో ఆవిడ కుర్చీలో కూర్చోగా, నేను వెనక నిలబడ్డం అదే మొదలు. నెరిసిన జుట్టు, పల్చబడింది, నున్నగా దువ్వి ముడేశాను. "లూజుగా ఉంది" అంది. ఉంటే ఉందిలే అన్నాను. నా కళ్లు మసకేసి పిన్ను కనపళ్లేదని చెప్పలేదు.

పెద్ద హాలు. కింద నీలం తివాచీ, పైన ఎక్కడో ఎత్తున దీపాలు. తక్కిన పిల్లలు వెనక వరసలో నిలబడ్డారు. ముందు పిడుగు ఒక పక్క, వదిన ఒక పక్క, ఎదురెదురుగా. చేతులు లేచాయి. అంతమంది జనంలో దగ్గు కూడా వినపళ్లేదు. తెల్లబట్టలు మెల్లగా కదులుతుంటే హాలంతా ఏదో నిద్రలోకి జారినట్టయింది. దగ్గరకొచ్చి, దూరమై, ఒరిగి, తేలి. వదిన మోకాళ్ల నెప్పులు ఎటు పోయాయో. నా పక్కనున్నావిడ, "ఆ రెండోది నిజం మనిషా, అద్దమా?" అని తన కూతుర్ని అడిగింది. "మా వదిన" అన్నాను నేను, నన్నడక్కపోయినా.

చివరికొచ్చింది. ఇద్దరూ ఎదర కూర్చున్న పెద్దల వైపు తిరిగారు. పాదాలు దగ్గరయ్యాయి. నేను ఒళ్లో నా కుడిచేతిని పిడికిలి చేసి ఎదరికి తోస్తున్నాను, ఇక్కడ నేను తోస్తే అక్కడ లేస్తుందన్నట్టు. పిడుగు కుడి పిడికిలి లేచింది. వదిన ఎడమచెయ్యి కదిలింది. వేళ్లు ముడుచుకోబోయాయి. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. ఒక్కో వేలే మళ్లీ విచ్చుకుంది. అప్పుడు ఇంకో వైపు నుంచి, కత్తెర పట్టీ పట్టీ కాయలు కాసిన ఆ కుడిచెయ్యి, పిడికిలై వచ్చి ఆ అరచేతిలో ఆనింది.

హాల్లో ఒక్కసారిగా గుప్పున ఊపిరి వదిలిన చప్పుడైంది. అద్దమైతే ఎడమ పిడికిలి ఎత్తాలి కదా. ఎత్తలేదు. అక్కడున్నది అద్దం కాదనీ, ఇద్దరు మనుషులనీ అందరికీ అప్పుడే తెలిసింది. మాస్టారు తివాచీ అంచున లేచి నిలబడి, అదే తీరుగా కుడి పిడికిలితో వదినకి నమస్కారం పెట్టాడు.

ఆవిడ ముందు ఎవరూ లేరు. నా ముడి ఊడిపోయి జుట్టు భుజం మీదికి జారింది. ఆవిడ దాన్ని సర్దుకోలేదు.