గుండీల్లేని దెయ్యం

మునిరత్నం మామ ఏ సినిమానూ ఎవరినీ చివరిదాకా చూడనివ్వడు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా ఆపేసి, మిగతాది తన నోటితో చెబుతాడు.

ఇది ఆయనకు టూరింగు టాకీసులో అంటుకున్న జబ్బు. ఏర్పేడు పక్కన బొమ్మ వేసే రోజుల్లో, ఆట ముగిసేలోపే ఆఖరి బస్సు వెళ్లిపోయేది. అందుకని ఆఖరి రీలు ఎక్కించకుండా తెర ముందుకొచ్చి, "హీరో గెల్సినాడు, పెండ్లయింది. లేయండప్పా, బస్సుకు టైమైంది!" అనేవాడు. టాకీసు పోయింది, బస్సులు పెరిగాయి, మామ మాత్రం మారలేదు. వీధిలో ఎవరింట్లో టీవీ మోగినా వాలిపోయేవాడు. ఒకసారి ఏడుపు సినిమాలో చచ్చిపోవాల్సిన తల్లిని బతికించి, కొండకు పంపి, గుండు కూడా కొట్టించాడు.

పక్కింటి కోమలి ఈ గోలకు పడీపడీ నవ్వేది, భర్త ప్రతాప్ ఉన్నన్నాళ్లూ. అతను టైలరు. కుట్టడం అతని పని, కాజాలూ గుండీలూ ఆమె వంతు. అతను పోయాక మిషను గదికి గొళ్లెం పెట్టింది. ఇల్లు గడవడం కష్టమైనా, ఆ తలుపు వైపు చూడటానికే ఆమెకు గుండె చాలలేదు.

ఒక మధ్యాహ్నం కూతురు సుజన ఫోనులో మాటల్లేని పాత సినిమా చూస్తోంది. సత్రం గదిలో ఒకడు దిగుతాడు. కొవ్వొత్తి నడుస్తుంది, కుర్చీ జరుగుతుంది, విప్పిన అంగీ దానంతటదే లేచి తిరుగుతుంది. కోమలి కూడా తొంగిచూసింది. అంతలో మామ వచ్చి ఫోను లాక్కున్నాడు.

"తాతా! ఇంకొంచెమే ఉండాది!"

"నేను చెప్తా గదమ్మే. అది దెయ్యం కాదు. కుట్టేవోడు సగంలో పోయినాడు. గుండీలు కుట్టేవాళ్ల కోసం ఎతుకుతా ఉండాది పాపం. ఈడు సూది తీసుకుని కుట్టినాడు. అంగీ నిమ్మళంగా పండుకునింది. శుభం!"

"సత్రంలో సూది యాడిది తాతా?"

"దిండు కింద ఉండాది. లెయ్, బస్సుకు టైమైంది!"

కోమలి నవ్వలేదు. మరునాడు పొద్దున్నే గొళ్లెం తీసింది. లోపల దెయ్యాలేమీ లేవు. గుండీల్లేని చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. కొసన మామదే ఉంది! 'ముసలాయన చొక్కా కోసం ఎంత ఎత్తు వేసినాడు!' అనుకుంటే చాన్నాళ్లకు నవ్వొచ్చింది. సూదిలో దారం ఎక్కించింది.

మామ చొక్కా ఆఖరికి పెట్టుకుంది. అది కుడుతూ, పక్కన ఫోను ఆనించి, ఆ సినిమా చివరిదాకా చూసింది. వాడు ఏ సూదీ పట్టలేదు. చెప్పులైనా తొడుక్కోకుండా గది విడిచి ఒకటే పరుగు.

చొక్కాకు వచ్చిన మామను గడపలోనే పట్టుకుంది. "ఏం మామా, ఎంత అబద్ధం చెప్పినావు! ఆడు బయపడి పారిపోయినాడు గదా!"

మామ కొత్త గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ, మిషను గదివైపు చూశాడు. తలుపు బార్లా తెరిచి ఉంది.

"పారిపోవడమేందిమే?" అన్నాడు. "ఆడికి బస్సుకు టైమైంది."