కడగడం ఆపిన రెండు రోజులు

ఒక అక్టోబరు మొదటి వారంలో, బోగోలు దగ్గరి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నెట్‌వర్కు చూసే పని నాకు అప్పగించారు. నా హోదా సపోర్టు ఇంజినీరు, కూర్చునేది గూడూరులో. ఆ ఉద్యోగం ఇప్పుడు మానేశాను.

రెండో వారంలోనే ఫిర్యాదు వచ్చింది. రోజూ పదకొండు దాటాక ల్యాబ్ కంప్యూటరుకు సర్వరులోని షేర్డ్ ఫోల్డరుతో కనెక్షను తెగిపోతోంది, సగం రాసిన పరీక్ష రిపోర్టులు పోతున్నాయి. రిపోర్టు లేనిదే సరుకు కంటైనరు ఎక్కదు. ల్యాబ్ చూసే షమీమ్ గారే ఫైళ్లు పాడుచేస్తున్నారని ప్లాంటు మేనేజరు తేల్చేశారు. శనివారం లోపు వేరే కారణం చూపకపోతే ఆమెను తీసేస్తామన్నారు.

గూడూరు నుంచే ల్యాబ్ కంప్యూటరులోకి వెళ్లి ప్యాకెట్ క్యాప్చర్ పెట్టాను. అంటే ఆ యంత్రం ఎవరిని ఏం అడిగిందో, ఏం జవాబొచ్చిందో క్షణక్షణమూ నమోదు చేయడం. బుధవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఏమీ తెగలేదు. గురువారమూ అంతే. ఆ రెండు రోజులూ మేనేజరు షమీమ్ గారిని కంప్యూటరు ముట్టనివ్వలేదు. "చూసినారా, ఆమె లేకపోతే అంతా బాగుండాది," అన్నారు మేనేజరు. నాకు కుదురు లేదు. కేబుళ్లు, స్విచ్చి, సర్వరు నమోదులు, చూసినవే మళ్లీ చూశాను.

సాయంత్రం ఆమే ఫోన్ చేశారు. "ఏందన్నా, మీరు చూసేటప్పుడు ఫ్లోరు కడగనీయడం లేదు గదా. ఇంజినీరు గారు పనిలో ఉండారు, నీళ్లూ గీళ్లూ వద్దని సూపర్‌వైజరు అందర్నీ నిలబెట్టేసినాడు. ఆడోళ్లంతా టీ తాగతా మిమ్మల్ని దీవిస్తా ఉండారు."

మామూలు రోజుల్లో పదకొండుకు క్లోరిన్ నీళ్లతో నేల కడుగుతారు. కడిగాకే ప్యాకింగు, అప్పుడే లేబుల్ ప్రింటరు ఆన్ చేస్తారు.

శుక్రవారం ఎవరికీ చెప్పకుండా క్యాప్చర్ పెట్టి, ఒక ఫైలు నేనే తెరిచి ఉంచాను. షమీమ్ గారిని అప్పటికీ కంప్యూటరు ముట్టనివ్వడం లేదు కనుక ల్యాబ్ కుర్చీ ఖాళీ. పదకొండూ ఇరవైకి ప్రింటరు మేలుకుని, ఫలానా నెట్‌వర్కు అడ్రసు తనదని ప్రకటించింది. అది సర్వరు అడ్రసు. ల్యాబ్ కంప్యూటరు ఆ మాట నమ్మి ఫైలు కోసం ప్రింటరును అడిగింది. కనెక్షను తెగింది.

ప్రింటరుకు ఆ అడ్రసు ఇచ్చింది నేనే, చేరిన వారంలో. ఆ పూట సర్వరు ఆగి ఉంది. పిలిస్తే బదులు రాలేదు కాబట్టి అడ్రసు ఖాళీ అనుకున్నాను.

తప్పు నాదని మేనేజరుకు రాసి, ఆమెకు ఫోన్ చేసి క్షమించమన్నాను. "అది తర్వాతన్నా, ముందు అడ్రసు మార్చండి. నాలుగు రిపోర్టులు ఉండాయి," అన్నారు.

అప్పటి నుంచి ప్రతి క్యాప్చర్ పైనా రెండు ప్రశ్నలు రాసుకునేవాణ్ణి. ఈ గంటలో రోజూ జరిగే పని ఈ రోజూ జరిగిందా? ఇక్కడ నేను మార్చినది ఏమిటి? రెండోదే ముందు చూసేవాణ్ణి.